పాత టేప్‌డెక్, కొత్త ల్యాప్‌టాప్: పేచీ ఎక్కడ?

పాత క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించుకుందామని అటక మీది టేప్‌డెక్‌ను దించి దుమ్ము దులిపి, ఒకవైపు ఎరుపు తెలుపు పిన్నులు, రెండోవైపు ఇయర్‌ఫోన్‌కు ఉండేలాంటి సన్నటి ఈపీ పిన్ను ఉన్న వైరు తెచ్చి ల్యాప్‌టాప్‌కు గుచ్చితే మామూలుగా ఏమీ జరగదు. టేపు తిరుగుతూనే ఉంటుంది, రికార్డింగ్ గీత మాత్రం చదునుగా పోతుంది. ఎవరో చెప్పారని మైకుకు, హెడ్‌ఫోన్‌కు వేరు వేరు రంధ్రాలున్న స్ప్లిటర్ ఒకటి కొని మధ్యలో పెడితే శబ్దం వస్తుంది. కానీ గొంతు పగిలిపోతుంది, రెండు చానళ్లలోనూ ఒకటే ఉంటుంది, చిడతలు మోగిన చోటల్లా బరబరమంటుంది. నేరం వెంటనే డెక్ మీదికి పోతుంది: హెడ్ అరిగింది, పాతబడింది, ఇక పనికిరాదు. అదే డెక్‌ను ఏదైనా పాత ఆంప్లిఫయర్‌కు తగిలిస్తే శుభ్రంగా పాడుతుంది. తేడా చేసింది ల్యాప్‌టాప్ పక్కనున్న ఆ ఒక్క రంధ్రం.

అది సెల్‌ఫోన్ హెడ్‌సెట్ కోసం పెట్టిన రంధ్రం. దానికి సరిపోయే పిన్ను మీద నాలుగు పట్టీలుంటాయి: కొసన ఎడమ చెవి, తర్వాత కుడి చెవి, మూడోది గ్రౌండ్, మొదట్లో మైకు. మూడు పట్టీల మామూలు స్టీరియో పిన్ను గుచ్చితే మైకు, గ్రౌండ్ రెండూ కలిసిపోతాయి. హెడ్‌ఫోన్ పెట్టారని ల్యాప్‌టాప్ అనుకుంటుంది. స్ప్లిటర్ పెడితే మైకు దారి తెరుచుకుంటుంది గానీ ఆ దారి ఒక్కటే, అంటే మోనో. పైగా అది కొద్ది మిల్లీవోల్టుల కోసం ఎదురుచూసే దారి. టేప్‌డెక్ వెనక నుంచి వచ్చేది 300 నుంచి 500 మిల్లీవోల్టులు. నూరు రెట్లు ఎక్కువ పోస్తే పగలక ఏమవుతుంది? పాత డెస్క్‌టాప్ కంప్యూటర్ల వెనక గులాబీ, ఆకుపచ్చ రంధ్రాల పక్కన నీలం రంగుది ఇంకోటి ఉండేది. అదే లైన్ ఇన్. ల్యాప్‌టాప్‌లు సన్నబడుతున్న కొద్దీ మొదట పోయింది అదే.

ఇంట్లో వాడే ఆడియో పరికరాల మధ్య నడిచే లైన్ సిగ్నల్ మాత్రం దాదాపు యాభై ఏళ్లుగా మారలేదు. సుమారు 0.3 వోల్టు దాని మామూలు స్థాయి. సీడీ ప్లేయర్లు వచ్చాక గరిష్ఠం 2 వోల్టుల దాకా పోయింది, అంతే. 1978 నాటి ఆంప్లిఫయర్ వెనకున్న ఆక్స్ సాకెట్‌కు నిన్న కొన్న డీఏసీ (డిజిటల్ పాటను లైన్ సిగ్నల్‌గా మార్చే పెట్టె) నేరుగా సరిపోతుంది. మారింది కంప్యూటర్ వైపు: రంధ్రాలు పోయాయి, డ్రైవర్లు పోయాయి, చార్జర్లు మారాయి. కాబట్టి డబ్బు పెట్టాల్సిందీ అక్కడే.

డ్రైవర్ అడగని పెట్టె

డెక్‌కు, కంప్యూటర్‌కు మధ్య కావలసింది ఒక యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్. దాని వెనక ఎరుపు తెలుపు ఆర్‌సీఏ సాకెట్లు రెండు జతలుండాలి: ఒకటి లోపలికి, ఒకటి బయటికి. బజారులో చాలా చవగ్గా దొరికే బొటనవేలంత యూఎస్‌బీ సౌండ్ కార్డు ఈ పనికి రాదు. దాని గులాబీ రంధ్రం కూడా మైకుదే, అదీ మోనోనే. అది కొంటే కథ మళ్లీ మొదటికొస్తుంది.

పెట్టె ఎంచుకునేటప్పుడు చూడాల్సింది ఒక్కటే: డ్రైవర్ డౌన్‌లోడ్ చేసుకోమని అడుగుతుందా, లేదా? యూఎస్‌బీలో ఆడియోకు ఒక ఉమ్మడి పద్ధతి 1998లోనే వచ్చింది. దాని రెండో రూపం 2006లో వచ్చింది. మొదటి పద్ధతిలో నడిచే పెట్టెకు విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ విడిగా డ్రైవర్ అక్కర్లేదు. రెండో పద్ధతిని విండోస్ సొంతంగా గుర్తుపట్టడం 2017 నాటి విండోస్ 10 వెర్షన్‌తోనే మొదలైంది. ఈ ఉమ్మడి పద్ధతులు పాటించకుండా కంపెనీ సొంత డ్రైవర్‌తో నడిచే పెట్టెలు విండోస్ ఎక్స్‌పీ కాలంలో ఎన్నో వచ్చాయి. 64 బిట్ విండోస్ సంతకం లేని డ్రైవర్లను రానివ్వదు, కంపెనీలు కొత్తవి రాయలేదు. దాంతో లోపల సర్క్యూట్ బంగారంలా ఉన్నా అవి చెత్తబుట్టలోకి పోయాయి. అలాంటిది చేతిలో ఉంటే పారేసే ముందు పెన్‌డ్రైవ్ మీద లినక్స్ ఎక్కించి ఒకసారి తగిలించి చూడటం మంచిది. చాలా వాటికి అక్కడ ఇంకా ప్రాణం ఉంది.

బెహ్రింగర్ యూసీఏ202, యూసీఏ222 లాంటి చిన్న పెట్టెలు మొదటి పద్ధతివే. 16 బిట్, 48 కిలోహెర్ట్జ్ దాకా పోతాయి. 24 బిట్ లేదని చిన్నచూపు చూడనక్కర్లేదు. మామూలు క్యాసెట్‌లో పాటకు, బుస్సుమనే టేపు శబ్దానికి మధ్య దూరం 50 నుంచి 60 డెసిబెల్స్. 16 బిట్‌లో ఉన్న చోటు 96 డెసిబెల్స్. అంటే లెవెల్ పన్నెండు డెసిబెల్స్ తగ్గించి పెట్టుకున్నా టేపు మొత్తం అందులో సులువుగా ఇమిడిపోతుంది. 24 బిట్ వల్ల లాభం నాణ్యత కాదు, లెవెల్ విషయంలో కాస్త నిశ్చింత.

కంప్యూటర్ నుంచి ఆంప్లిఫయర్‌కు

ఈ దారి సులువైనది. ఈపీ నుంచి రెండు ఆర్‌సీఏ పిన్నుల వైరు చాలు. ఆక్స్, ట్యూనర్, టేప్ అని రాసివున్న ఏ సాకెట్‌లోనైనా పెట్టొచ్చు. ఫోనో అని ఉన్నదాంట్లో మాత్రం పెట్టకూడదు. అది సుమారు 5 మిల్లీవోల్టులు ఇచ్చే రికార్డు ప్లేయర్ సూది కోసం ఉన్నది. పైగా లోపల బాస్‌ను 20 డెసిబెల్స్ దాకా పెంచి, పై స్వరాలను అంతే తగ్గించే సర్క్యూట్ ఉంటుంది. కంప్యూటర్ పాట అందులోంచి గుహలోంచి వచ్చినట్టు, చిరిగిపోయి వినిపిస్తుంది.

ఇంకో చిక్కు వాల్యూమ్ దగ్గర. పాత ఆంప్లిఫయర్లు 150, 200 మిల్లీవోల్టులకే పూర్తి శబ్దం ఇచ్చేలా చేసినవి. ఇప్పటి డీఏసీ 2 వోల్టులు ఇస్తుంది. వాల్యూమ్ బిరడా కొంచెం కదిపేసరికి ఇల్లు అదురుతుంది. అంత కింది భాగంలో ఆ కంట్రోల్ లోపలి రెండు కార్బన్ పట్టీలు సమానంగా ఉండవు కాబట్టి ఎడమ ఒకలా, కుడి ఒకలా మోగుతాయి. మందు ఖరీదైంది కాదు. ఒక్కో చానల్‌లో సిగ్నల్ వైరుకు వరసగా 10 కిలోఓమ్‌ల రెసిస్టర్, దాని తర్వాత ఆంప్లిఫయర్ వైపున సిగ్నల్‌కు గ్రౌండ్‌కు మధ్య 4.7 కిలోఓమ్‌లది పెట్టాలి. సుమారు 10 డెసిబెల్స్ తగ్గి 2 వోల్టులు 0.6 దగ్గరికి వస్తాయి. రెండూ పావు వాట్‌వి చాలు.

ఆంప్లిఫయర్ మోనో అయితే ఎడమ కుడి వైర్లను నేరుగా మెలిపెట్టి కలపకూడదు. రెండు అవుట్‌పుట్‌లు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ఒక్కోదానికి 1 కిలోఓమ్ రెసిస్టర్ పెట్టి, ఆ తర్వాత కలపాలి.

ఫిలిప్స్, గ్రుండిగ్ లాంటి యూరప్ తరహా సెట్ల వెనక ఆర్‌సీఏలు ఉండవు, గుండ్రటి ఐదు పిన్నుల డిన్ సాకెట్ ఉంటుంది. వరసలో మధ్యదైన 2వ పిన్ను గ్రౌండ్. ఆంప్లిఫయర్ సాకెట్‌లో 3, 5 పిన్నులు లోపలికి వచ్చే ఎడమ, కుడి. 1, 4 బయటికి పోయే ఎడమ, కుడి. బజారులో దొరికే డిన్ వైర్లలో రెండే ఆర్‌సీఏలున్నవి ఏ జతకు కలిపారో పైకి తెలియదు. మల్టీమీటర్ బీప్ పెట్టి చూసుకుంటేనే తెలుస్తుంది. శబ్దం అస్సలు రాకపోయినా, చెవి ఆనిస్తే తప్ప వినపడనంత సన్నగా వచ్చినా కారణం తొంభై పాళ్లు ఇదే. మరో విశేషం కూడా గుర్తుంచుకోవాలి. పాత డిన్ పద్ధతిలో రికార్డింగ్ కోసం బయటికి పంపే సిగ్నల్ చాలా చిన్నది, అవతలి పరికరంలో ఒక్కో కిలోఓమ్‌కు ఒక మిల్లీవోల్టు చొప్పున లెక్క. 10 కిలోఓమ్‌ల ఇంటర్‌ఫేస్‌కు కలిపితే వచ్చేది 10 మిల్లీవోల్టులే. అలాంటి చోట 1, 4 పిన్నులను వదిలేసి హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి తీసుకోవడమే మేలు.

గల్ఫ్ నుంచి వచ్చిన టూ ఇన్ వన్‌లదీ (రేడియో, టేపు కలిసిన సెట్లు) అదే దారి. చాలా వాటికి లైన్ అవుట్ ఉండదు. హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి తీసి, వాల్యూమ్ మూడోవంతు దగ్గర ఉంచి, ట్రెబుల్ బాస్ మధ్యలో పెట్టాలి. సాకెట్ మోనోది అయితే స్టీరియో పిన్ను గుచ్చినప్పుడు ఎడమ చానల్ ఒక్కటే వస్తుంది. దానికి వైరు మార్చే పని లేదు, రికార్డయ్యాక ఎడమ దాన్ని మోనోగా మార్చుకుంటే సరి.

గుయ్‌మనే మోత

అన్నీ సరిగ్గా కలిపాక వచ్చే ఫిర్యాదుల్లో సగం దీని గురించే. ఈ మోతల్లో రకాలున్నాయి, రకం తెలిస్తే మందు తెలిసినట్టే.

మన కరెంటు 50 హెర్ట్జ్. లోతుగా, మెత్తగా హూమ్మని వస్తే అది 50 హెర్ట్జ్: వైరు మీది జాలీ తెగిపోయిందనో, గ్రౌండ్ లూప్ ఏర్పడిందనో అర్థం. కొంచెం గరుగ్గా, తేనెటీగలా వస్తే 100 హెర్ట్జ్: ఆంప్లిఫయర్ లోపలి పవర్ సప్లైలో పెద్ద కండెన్సర్లు ఎండిపోయి ఉంటాయి. సరిచూసుకోవడానికి స్పీకర్లవి తప్ప వెనకున్న ఆడియో వైర్లన్నీ పీకేసి, వాల్యూమ్ సున్నాకు తిప్పాలి. అప్పటికీ మోత ఉంటే కంప్యూటర్‌కు ఏ సంబంధమూ లేదు, సెట్టును మెకానిక్ దగ్గరికి పంపాల్సిందే. వైర్లు పీకగానే పోతే బయటిది. మౌస్ కదిపినప్పుడు, పేజీ పైకి కిందికి జరిపినప్పుడు కీచుమని మారుతూ ఉంటే అది యూఎస్‌బీ, చార్జర్ల గోల.

గ్రౌండ్ లూప్ అంటే రెండు పరికరాల గ్రౌండ్‌లు రెండు వేర్వేరు దారుల్లో కలవడం. ఒక దారి ఆడియో వైరు మీది జాలీ. రెండోది సాధారణంగా మూడు పిన్నుల ప్లగ్గుల ఎర్త్. మన ఇళ్లలో మూడో దారి కూడా ఒకటుంటుంది, దాన్నెవరూ అనుమానించరు: కేబుల్ టీవీ వైరు. వీధి స్తంభం నుంచి వచ్చే ఆ వైరు జాలీ టీవీకి, టీవీ నుంచి ఆంప్లిఫయర్‌కు, అక్కడి నుంచి ల్యాప్‌టాప్ చార్జర్ ఎర్త్‌కు పోతుంది. కాబట్టి వెతకడం ఈ వరసలో సాగాలి. మొదట ల్యాప్‌టాప్ చార్జర్ పీకి బ్యాటరీ మీద నడపాలి. మోత పోతే దారి చార్జర్‌ది. పోకపోతే టీవీకి వచ్చే కేబుల్ లేదా డిష్ వైరు విప్పాలి. అప్పటికీ పోకపోతే ఆడియో వైరు మార్చి చూడాలి.

చార్జర్‌దే అని తేలితే మొదటి మందు అన్నిటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్స్ మీద పెట్టడం. రెండో మందు ఆడియో వైరు మధ్యలో ఒకటికి ఒకటి ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్. కార్ల కోసం గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ పేరుతో చవగ్గా అమ్మేది ఇదే. చవక ట్రాన్స్‌ఫార్మర్ 50 హెర్ట్జ్ కింద బాస్‌ను కొంచెం తినేస్తుంది, క్యాసెట్ పనికి అది నష్టం కాదు. క్యాసెట్లు రికార్డు చేసేటప్పుడైతే ఏ మందూ అక్కర్లేదు. గంటసేపు బ్యాటరీ మీద నడిపితే పోయే జబ్బు అది.

చేయకూడనిది ఒకటుంది. ప్లగ్గు మూడో పిన్ను విరిచేస్తే మోత పోతుంది, నిజమే. రేపు ఆ లోహపు పెట్టెకు లోపల ఫేజ్ తగిలితే పోవడానికి దారి కూడా ఉండదు, ముట్టుకున్నవాళ్ల ఒళ్లు తప్ప. రెండు పిన్నుల చార్జర్‌తో నడిచే ల్యాప్‌టాప్ అంచు మీద వేలు పెడితే జివ్వుమనడం వేరే సంగతి. చార్జర్‌లోని చిన్న కండెన్సర్ గుండా కారే కరెంటు అది. ప్రాణాపాయం కాదు గానీ, ఆడియో వైరు గుచ్చేటప్పుడు అదే కరెంటు ఇన్‌పుట్ ఐసీని కాల్చొచ్చు. వైర్లన్నీ తగిలించాకే స్విచ్చులు వేయడం మంచి అలవాటు.

టేపు తిరగకముందు

పదేళ్లు కదలని డెక్‌లో క్యాసెట్ పెట్టి ప్లే నొక్కడం టేపును మింగించడమే. లోపలి రబ్బరు బెల్టు సాగి ఉంటుంది, లేదా కరిగి తారులా పుల్లీకి అంటుకుని ఉంటుంది. ఆ తారును 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. చేతికి, బట్టకు అంటితే వదలదు కాబట్టి తొడుగులు వేసుకోవాలి. కొత్త బెల్టు చుట్టుకొలత పాతది కొత్తగా ఉన్నప్పటి కొలత అయి ఉండాలి. సాగిన బెల్టును కొలిచి కొంటే కొత్తది కూడా వదులవుతుంది. పాతది చెక్కుచెదరకుండా దొరికితే దానికంటే నాలుగైదు శాతం చిన్నది తీసుకోవాలి. హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీ లాంటి చోట్ల బెల్టులు, పిన్నులు, సాకెట్లు, కాంటాక్ట్ క్లీనర్ ఇంకా దొరుకుతాయి. పాత బెల్టును జేబులో వేసుకుని వెళ్లడం మేలు. వాల్యూమ్ తిప్పితే గరగరమంటే కాంటాక్ట్ క్లీనర్ కొట్టాలి. తుప్పు వదిలించే మామూలు స్ప్రే కార్బన్ పట్టీని పాడుచేస్తుంది.

హెడ్‌ను, టేపును లాగే క్యాప్‌స్టన్ కడ్డీని అదే ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో, గోధుమరంగు రావడం ఆగేదాకా తుడవాలి. టేపును ఆ కడ్డీకి అదిమే పించ్ రోలర్ రబ్బరుది కాబట్టి కొద్దిగానే తుడిచి వెంటనే ఆరబెట్టాలి. క్యాసెట్ పై అంచున రెండు చిన్న ప్లాస్టిక్ పలకలుంటే వాటిని ముందే విరిచేయాలి. పొరపాటున రికార్డు మీట నొక్కినా తాతగారి హరికథ చెరిగిపోదు. లోపల హెడ్‌కు టేపును ఆనించే చిన్న ఫెల్టు ముక్క ఊడిపోయి ఉంటే శబ్దం మూసుకుపోయి, హెచ్చుతగ్గులుగా వస్తుంది. టేపును ఇంకో క్యాసెట్ డబ్బాలోకి, స్క్రూలున్నదాంట్లోకి, మార్చాల్సిందే. కోస్తా ఊళ్లలో టేపు చుట్ట మీద తెల్లటి బూజు మామూలు. బూజు ఉన్న టేపును మంచి డెక్‌లో పెట్టొద్దు, హెడ్ ద్వారా మిగతా టేపులకూ అంటుకుంటుంది.

ఇప్పుడు అసలు సంగతి, చాలామంది వదిలేసేది: ఆజిమత్, అంటే హెడ్ నిలువు. క్యాసెట్ సెకనుకు 4.76 సెంటీమీటర్లు కదులుతుంది. 10 కిలోహెర్ట్జ్ స్వరం ఆ టేపు మీద అచ్చయ్యే పొడవు 4.76 మైక్రాన్లు. తల వెంట్రుకలో పది పదిహేనో వంతు. రికార్డు చేసిన హెడ్‌కు, ఇప్పుడు చదువుతున్న హెడ్‌కు మధ్య వెంట్రుకవాసి వంపు తేడా ఉన్నా పై స్వరాలన్నీ ఒకదాన్నొకటి చెరుపుకుంటాయి. పాత క్యాసెట్లు దుప్పటి కప్పుకుని పాడినట్టుంటే చాలావరకు తప్పు టేపుది కాదు, ఈ వంపుది. ఒక్కసారి మొద్దుగా రికార్డయ్యాక ఏ సాఫ్ట్‌వేర్ తిరిగి తేలేదు.

సరిచేసే పద్ధతి ఇది. హెడ్‌కు ఇరువైపులా రెండు చిన్న స్క్రూలుంటాయి. స్ప్రింగ్ ఉన్నది, రంగు చుక్క పెట్టి ఉన్నది ఆజిమత్ స్క్రూ. కదిపే ముందు అది ఏ వైపు చూస్తోందో గోళ్ల రంగుతో గుర్తు పెట్టాలి. టేపు పాడుతుండగా శబ్దాన్ని మోనోలో వింటూ, స్క్రూను కొంచెం కొంచెంగా, పావు చుట్టు దాటకుండా తిప్పాలి. స, శ అక్షరాలు, చిడతలు, తాళాలు ఎక్కడ అన్నిటికంటే పదునుగా వినిపిస్తాయో అక్కడ ఆపాలి. మోనోలో వినడం ఎందుకంటే, వంపు తేడా ఉన్నప్పుడు ఎడమ కుడి చానళ్లు కాలంలో జారి, కలిపితే పై స్వరాలు మరింత పోతాయి. అందుకని చెవికి తేడా బాగా తెలుస్తుంది. ఒక్కో టేపు ఒక్కో డెక్‌లో రికార్డయి ఉంటుంది కాబట్టి ప్రతి టేపుకూ ఈ పని మళ్లీ చేయాలి. విసుగే. మొత్తం పనిలో ఇంతకు మించి ఫలితమిచ్చే అరనిమిషం లేదు.

టేపు బుస్సును తగ్గించే డాల్బీ స్విచ్ సంగతి కూడా ఇక్కడే. టూ ఇన్ వన్‌లో ఇంట్లో రికార్డు చేసుకున్న టేపుకు డాల్బీ ఉండదు. డెక్‌లో ఆ మీట ఆపేసి ఉంచాలి. లేబుల్ మీద డాల్బీ గుర్తున్న కంపెనీ టేపుకు వేయొచ్చు, అదీ ఆజిమత్ సరిచేశాకే. పై స్వరాలు తగ్గి వస్తే డాల్బీ సర్క్యూట్ వాటిని బుస్సు అనుకుని ఇంకా నొక్కేస్తుంది.

తర్వాత వేగం. ఆరు శాతం తేడా వస్తే శ్రుతి ఒక స్వరస్థానం జరుగుతుంది. వేగాన్ని సరిచేసే చిన్న స్క్రూ మోటారు వెనక రంధ్రంలో గానీ, దాని పక్క బోర్డు మీద గానీ ఉంటుంది. 3,150 హెర్ట్జ్ శ్రుతి ఉన్న టెస్ట్ టేపు పెట్టి కంప్యూటర్‌లో స్పెక్ట్రమ్ చూస్తూ తిప్పితే డెక్ దారికొస్తుంది. టెస్ట్ టేపు లేనివాళ్లకు తరచూ వినిపించే సలహా ఒకటుంది: పాత రికార్డింగ్‌లో అచ్చయిన కరెంటు మోతను చూసి, అది 50 హెర్ట్జ్‌కు వచ్చేలా వేగం మార్చమని. ఆ సలహా వేరే దేశాల్లో బాగానే పనిచేస్తుంది, మన దగ్గర మోసం చేస్తుంది. 2003లో దక్షిణాది గ్రిడ్‌లో కొత్త టారిఫ్ పద్ధతి వచ్చేదాకా ఫ్రీక్వెన్సీ 49 కిందికి పడటం రోజూ ఉండేదే. 1980ల నాటి టేపులో మోత 48.5 దగ్గర ఉంటే టేపు నెమ్మదిగా ఉందో, ఆ సాయంత్రం గ్రిడ్డే నీరసించిందో చెప్పలేం. పాటలో హార్మోనియం ఉంటే అది నమ్మదగ్గ సాక్షి. ఆ ఇంట్లో ఆ పెట్టె ఇంకా ఉంటే ఇంకా మంచిది.

మొదట్లో మామూలుగా ఉండి పోనుపోను గొంతు కీచుమంటూ పైకి పోతే అది డెక్ జబ్బు కాదు. రికార్డు చేసిననాడు బ్యాటరీలు అయిపోతూ, టేపు క్రమంగా నెమ్మదించింది. ఇప్పుడు సరైన వేగంలో వింటే పైకి జరిగినట్టు అనిపిస్తుంది. ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో స్లైడింగ్ స్ట్రెచ్ అనే ఎఫెక్ట్‌తో మొదటికి ఒక విలువ, చివరకు ఇంకో విలువ ఇచ్చి సరిచేయొచ్చు. వేగం అంతటా ఒకేలా తేడా ఉంటే చేంజ్ స్పీడ్ వాడాలి. చేంజ్ టెంపో కాదు, అది శ్రుతిని కదల్చదు.

రికార్డింగ్ గంట

విండోస్‌లో మొదట చేయాల్సింది, ఇంటర్‌ఫేస్ ప్రాపర్టీస్‌లో ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ ఆపేయడం. కొత్త ల్యాప్‌టాప్‌లలో నాయిస్ తీసేసే సాఫ్ట్‌వేర్ ముందే ఎక్కించి ఉంటుంది. అది వీడియో కాల్ కోసం చేసినది. ఎడతెగకుండా మోగేదేదైనా దాని దృష్టిలో ఫ్యాను మోతే. తంబురా శ్రుతిని, హార్మోనియం నిలుపును అది ఫ్యాను అనుకుని నరికేస్తుంది. గాయకుడు ఊపిరి తీసుకున్నప్పుడల్లా శ్రుతి మాయమై మళ్లీ వస్తుంటే టేపును అనుమానించొద్దు. ప్రైవసీ సెట్టింగ్‌లలో డెస్క్‌టాప్ యాప్‌లకు మైక్రోఫోన్ అనుమతి లేకపోతే లైన్ ఇన్ కూడా మూగబోతుంది. విండోస్‌కు లోపలికి వచ్చేదంతా మైకే.

విండోస్‌లోనూ ఆడాసిటీలోనూ 48 కిలోహెర్ట్జ్ అని ఒకే అంకె పెట్టాలి, రెండు చానళ్లు ఎంచుకోవాలి. టేపులో అన్నిటికంటే పెద్దగా ఉన్న చోటుకు పోయి లెవెల్ చూసుకోవాలి. బుర్రకథ అయితే గుమ్మెట దెబ్బ, వంతపాట కలిసేచోట. ఆ శిఖరం మైనస్ 6 డెసిబెల్స్ దాటకపోతే చాలు. సున్నా తాకితే అక్కడి శబ్దం శాశ్వతంగా పోతుంది. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో నిమిషానికి సుమారు 17 మెగాబైట్లు, అరవై నిమిషాల క్యాసెట్‌కు ఒక గిగాబైట్ పైచిలుకు. ఫ్లాక్‌గా దాస్తే ఏమీ పోకుండా దాదాపు సగానికి తగ్గుతుంది. ఎంపీ3 చేసి కుటుంబం గ్రూపులో పెట్టుకోండి, అసలు ప్రతి మాత్రం అది కాకూడదు. బుస్సు తీసేసే పని కూడా నకలు మీదే చేయాలి. ఎక్కువ తీస్తే గొంతు బిందెలోంచి మాట్లాడినట్టవుతుంది.

మొదట చివరిదాకా ఫార్వర్డ్ చేసి, మళ్లీ రివైండ్ చేశాకే ప్లే మొదలుపెట్టాలి. ఏళ్లుగా అతుక్కున్న చుట్టలు విడివడి, బిగువు సమానమవుతుంది. 120 నిమిషాల క్యాసెట్‌కు మాత్రం ఈ ఫార్వర్డు పరుగు వద్దు. దాని టేపు మందం 9 మైక్రాన్లే, మామూలు అరవై నిమిషాలదాంట్లో సగం. తెగడానికి సిద్ధంగా ఉంటుంది.

రికార్డు ప్లేయర్లు, వాల్వు రేడియోలు

రికార్డు ప్లేయర్‌కు సూది రకం తెలియాలి. సూదిని పట్టి ఉంచే ముక్క, అంటే కార్ట్రిడ్జ్, మ్యాగ్నెట్‌ది అయితే 47 కిలోఓమ్‌ల ఫోనో ప్రీఆంప్ కావాలి, ఫోనో మీట ఉన్న ఇంటర్‌ఫేస్‌లు దొరుకుతాయి. మన ఇళ్లలోని చవక ప్లేయర్లలో ఎక్కువగా ఉండేవి క్రిస్టల్, సెరామిక్ కార్ట్రిడ్జ్‌లు. అవి వందల మిల్లీవోల్టులు ఇస్తాయి కాబట్టి నేరుగా లైన్ ఇన్‌లో పెడతారు, బాస్ అంతా పోయి రేకుడబ్బా శబ్దం వస్తుంది. వాటికి సుమారు 1 మెగాఓమ్ ఇన్‌పుట్ కావాలి, మధ్యలో ఒక చిన్న ఎఫ్ఈటీ బఫర్ (సూది మీద భారం పడనివ్వని ట్రాన్సిస్టర్ సర్క్యూట్) పెడితే బాస్ తిరిగొస్తుంది. పాత క్రిస్టల్ రకంలో ఉండేది రోషెల్ ఉప్పు. తేమ తగిలితే అది చచ్చిపోతుంది. సముద్రం పక్క ఊళ్లో నలభై ఏళ్లున్న క్రిస్టల్ కార్ట్రిడ్జ్ మోగుతుందన్న ఆశ పెట్టుకోకుండా, సెరామిక్‌ది కొనడానికి సిద్ధపడాలి. 78 స్పీడు రికార్డులకు లాంగ్‌ప్లే సూది వాడితే గాడి అడుగున ఈదుతూ బరబరమంటుంది. వాటికి మూడు నాలుగు రెట్లు లావైన సూది వేరే ఉంటుంది.

వాల్వు రేడియో వెనక పికప్ అని రాసివున్న రెండు రంధ్రాలు చూసి ఫోను పాటలు అందులో వినాలని చాలామందికి సరదా పుడుతుంది. ముందు ఆ రేడియో ఏ రకమో చూడాలి. వెనక అట్ట మీద ఏసీ/డీసీ అని ఉన్నా, వాల్వుల పేర్లు యూసీహెచ్, యూసీఎల్, యూవై అంటూ యూ అక్షరంతో మొదలైనా దానికి మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ లేదు. లోపలి లోహపు చట్రం నేరుగా కరెంటు వైరుకు కలిసి ఉంటుంది. ప్లగ్గు ఒకవైపు గుచ్చితే న్యూట్రల్, తిప్పి గుచ్చితే 230 వోల్టుల ఫేజ్. దానికి ఫోను గానీ ల్యాప్‌టాప్ గానీ వైరుతో ఎప్పటికీ కలపకూడదు. ఈసీహెచ్, ఈఎల్, ఈజెడ్ అని ఈ అక్షరపు వాల్వులుంటే సాధారణంగా ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, అయినా మల్టీమీటర్‌తో ప్లగ్గు పిన్నులకు చట్రానికి మధ్య దారి లేదని చూసుకున్నాకే ముందుకు పోవాలి.

ఏళ్ల తరబడి ఆపేసి ఉన్న ఏ సెట్టునైనా మొదటిసారి నేరుగా ప్లగ్గులో పెట్టకుండా, ఎలక్ట్రీషియన్లు వాడే సిరీస్ బోర్డు మీద 60 లేదా 100 వాట్‌ల ఫిలమెంట్ బల్బు గుండా కరెంటు ఇవ్వాలి. ఎల్ఈడీ బల్బు ఈ పనికి రాదు. బల్బు ఒకసారి వెలిగి మసకబారితే సెట్టు బాగున్నట్టు. నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల షార్ట్ ఉంది, స్విచ్ ఆపేయాలి.

అమెరికా నుంచి తిరిగొస్తూ అక్కడి ఆంప్లిఫయర్, టర్న్‌టేబుల్ వెంట తెచ్చుకునేవాళ్లకు ఇంకో లెక్క ఉంది. వెనక వోల్టేజ్ మార్చే మీట లేకపోతే 230 నుంచి 120కి దించే ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, సెట్టు వెనక రాసిన వాట్‌లకు కనీసం ఒకటిన్నర రెట్లున్నది. ఆంప్లిఫయర్‌కు, డీసీ మోటారున్న టేప్‌డెక్‌కు అంతటితో సరిపోతుంది. టర్న్‌టేబుల్‌లో ఏసీ సింక్రనస్ మోటారు ఉంటే మాత్రం సరిపోదు. వోల్టేజ్ దిగుతుంది గానీ ఫ్రీక్వెన్సీ 60కి మారదు, మోటారు ఆరింట ఐదు వంతుల వేగంతోనే తిరుగుతుంది. నిమిషానికి 33⅓ చుట్లు తిరగాల్సిన పళ్లెం 27.8 దగ్గర ఆగుతుంది. కొన్ని మోడళ్లకు 50 హెర్ట్జ్ పుల్లీ విడిగా దొరుకుతుంది. దొరకకపోతే ఆ నెమ్మది వేగంలోనే రికార్డు చేసి, ఆడాసిటీలో చేంజ్ స్పీడ్‌కు 1.2 ఇస్తే పాట అసలు శ్రుతికి వస్తుంది, ఫోనో ప్రీఆంప్ చేసే బాస్, ట్రెబుల్ సర్దుబాటులో కొద్దిపాటి తేడా మాత్రం మిగులుతుంది.